ఇంట్లోనే కంప్యూటర్ సైన్స్ – 7వ పాఠం: సగానికి సగం కొట్టేస్తూ వెతకడం

ముందు పోయిన పాఠంలోని లెక్కకు జవాబు చూద్దాం. పదిహేను పేర్ల లిస్టులో ఒక పేరు కోసం మొదటి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే, కలిసొస్తే ఒక్క పోలికతో దొరుకుతుంది, లేకపోతే 15 పోలికలు పడతాయి. పదిహేను పేర్లనూ తలా ఒకసారి వెతికి సగటు తీస్తే 8. ఇంతవరకు అందరూ చెప్పేస్తారు. లిస్టులో లేని పేరు వెతికితే? ఎప్పుడైనా 15 పోలికలే. ‘లేదు’ అని ఖాయంగా చెప్పాలంటే చివరిదాకా చూడక తప్పదు. దీని పేరు లీనియర్ సెర్చ్.

ఈసారి బైనరీ సెర్చ్. కంప్యూటర్ ముందు కూర్చోకండి, ఇంకా పని లేదు. పాత శుభలేఖలు ఉంటే వాటిని కత్తిరించి పదిహేను చీటీలు చేయండి. ఒక్కోదాని మీద విశాఖలోని ఒక్కో చోటు పేరు రాసి, అక్షర క్రమంలో పేర్చి, వెనక వైపు 0 నుంచి 14 వరకు నంబర్లు వేయండి:

0 అక్కయ్యపాలెం, 1 ఆరిలోవ, 2 ఎంవీపీ కాలనీ, 3 కంచరపాలెం, 4 గాజువాక, 5 గోపాలపట్నం, 6 జగదాంబ, 7 డాబా గార్డెన్స్, 8 ద్వారకానగర్, 9 పెందుర్తి, 10 భీమిలి, 11 మద్దిలపాలెం, 12 మధురవాడ, 13 రుషికొండ, 14 సీతమ్మధార.

ఇప్పుడు చీటీలన్నీ వరసగా బోర్లా పెట్టండి, నంబర్లు మాత్రమే పైకి కనబడాలి. ఇది ముఖ్యం. మన కన్ను పదిహేను పేర్లనూ ఒక్క చూపులో చుట్టేస్తుంది. కంప్యూటర్‌కు ఆ సౌకర్యం లేదు, ఒక్కసారికి ఒక్క చీటీనే తిప్పి చూడగలదు. చీటీలు వెల్లకిలా పెట్టుకుని ఈ పాఠం చదివితే ఇంత హడావిడి ఎందుకో అర్థం కాదు.

మధురవాడ కావాలి. మొదలు 0, చివర 14. రెండూ కలిపి సగం చేస్తే 7. ఏడో నంబరు చీటీ తిప్పితే డాబా గార్డెన్స్. ‘మ’ అనేది ‘డ’ తర్వాత వస్తుంది కాబట్టి 0 నుంచి 7 దాకా ఉన్న ఎనిమిది చీటీలను ఇక ముట్టుకోనక్కర్లేదు. మొదలు 8 అయింది. 8, 14 కలిపి సగం చేస్తే 11, అక్కడ మద్దిలపాలెం. ‘ద’ తర్వాతే ‘ధ’, కాబట్టి మొదలు 12. మళ్లీ సగం చేస్తే 13, రుషికొండ. మధురవాడ దీనికంటే ముందే ఉండాలి కాబట్టి చివర 12. ఇప్పుడు మొదలూ 12, చివరా 12. ఆ చీటీ తిప్పితే మధురవాడ. నాలుగు పోలికల్లో పని అయిపోయింది. లీనియర్ సెర్చ్‌కు 13 పట్టేవి.

ఇక లిస్టులో లేని పేరు, కొమ్మాది. ఏడులో డాబా గార్డెన్స్, కాబట్టి చివర 6. మూడులో కంచరపాలెం, కాబట్టి మొదలు 4. అయిదులో గోపాలపట్నం, చివర 4. నాలుగులో గాజువాక, చివర 3. ఇప్పుడు మొదలు 4, చివర 3. మొదలు చివరను దాటిపోయింది, అంటే వెతకడానికి చోటే మిగల్లేదు. జవాబు ‘లేదు’. 15 పోలికలు పట్టాల్సిన చోట నాలుగే పట్టాయి. పైగా మొదలులో మిగిలిన 4ను పారేయకండి. కొమ్మాదిని లిస్టులో చేర్చాలంటే ఎక్కడ చేర్చాలో ఆ అంకె చెబుతోంది.

ఇదే పనిని వరుసలుగా రాస్తే ఇలా ఉంటుంది:

మొదలు = 0
చివర = 14
మొదలు <= చివర అయినంతసేపు:
    మధ్య = (మొదలు + చివర) // 2
    పేర్లు[మధ్య] == కావలసింది అయితే: మధ్య విలువ చెప్పి ఆగు
    లేదా పేర్లు[మధ్య] < కావలసింది అయితే: మొదలు = మధ్య + 1
    ఏదీ కాకపోతే: చివర = మధ్య - 1
‘లేదు’ అని చెప్పు

పేర్లు[మధ్య] అంటే ఆ నంబరు చీటీ మీది పేరు. == అంటే రెండూ ఒకటేనా అని చూడటం. పేర్ల విషయంలో ‘చిన్నది’ అంటే క్రమంలో ముందు వచ్చేది. రెండు గీతల గుర్తు // అంటే భాగించి, మిగిలిన సగం ముక్కను వదిలేయడం. దీన్ని ప్రోగ్రాములు రాసే భాష పైథాన్‌లోకి మార్చడం కష్టం కాదు. పైథాన్ 3లో వేరియబుల్ (విలువను దాచుకునే పెట్టె) పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, మొదలు, చివర, మధ్య యథాతథంగా పనిచేస్తాయి. వైల్, ఇఫ్, ఎలిఫ్, ఎల్స్ లాంటి భాష సొంత మాటలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి. సీబీఎస్ఈ ప్లస్ వన్, ప్లస్ టూ కంప్యూటర్ సైన్స్‌లో నేర్పేదీ పైథానే కాబట్టి ఆ పిల్లలకు ఇది నేరుగా పనికొస్తుంది.

ఈ ఎనిమిది వరుసలు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కొచ్చు. కానీ తప్పులన్నీ చిన్న చిన్న గుర్తుల దగ్గరే జరుగుతాయి, బట్టీ పట్టినవాళ్లకు అవి కనబడవు. <= బదులు < రాశారనుకోండి. మధురవాడ వెతికినప్పుడు మొదలు 12, చివర 12 దగ్గరికి వచ్చాం కదా, అక్కడ లూప్ (‘అయినంతసేపు’ కింద మళ్లీ మళ్లీ జరిగే పని) ఆగిపోతుంది. ఆ ఒక్క చీటీ తిప్పకుండానే ‘లేదు’ అనేస్తుంది. డాబా గార్డెన్స్, మద్దిలపాలెం లాంటివి మాత్రం చక్కగా దొరుకుతాయి, అందుకని రెండు మూడు పేర్లతో పరీక్షించి సరిపోయిందనుకుంటాం.

మధ్య + 1లో ఆ 1 మరిచిపోతే ఇంకో రకం తంటా. కొమ్మాదిని మళ్లీ వెతకండి, ఈసారి మొదలు = మధ్య అని పెట్టి. మూడో చీటీ దగ్గర మొదలు 3 అవుతుంది, చివర 6. మధ్య 4, గాజువాక, చివర 3. ఇప్పుడు మధ్య 3, మళ్లీ మొదలు 3. ఇక అక్కడే గిరగిరా తిరుగుతుంది, ప్రోగ్రాం ఆగదు. టెన్షన్ పడి ఫోనో కంప్యూటరో ఆపేయకండి, కంట్రోల్, సీ కలిపి నొక్కితే చాలా వరకు ఆగుతుంది. ఫోన్ యాప్‌లో అయితే స్టాప్ బటన్ నొక్కండి.

ఈ సంగతిలో తలపండినవాళ్లకూ మినహాయింపు లేదు. బైనరీ సెర్చ్ గురించి 1946లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని మూర్ స్కూల్ ఉపన్యాసాల్లో తొలితరం కంప్యూటర్ నిర్మాత జాన్ మాక్లీ చెప్పారు. లిస్టు ఎంత పొడవున్నా సరిగ్గా పనిచేసే రూపాన్ని గణిత శాస్త్రవేత్త డెరిక్ లేమర్ ప్రచురించింది 1960లో. అంటే మధ్యలో 14 ఏళ్లు. 2006లో ఇంకో కథ. జావా భాషతో పాటు వచ్చే బైనరీ సెర్చ్‌లోనే తప్పుందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ స్వయంగా బయటపెట్టారు. తప్పు ఎక్కడంటే, మొదలు, చివర కూడిన చోట. జావాలో మామూలు పూర్ణాంకం 2147483647 దాటలేదు, దాటితే రుణసంఖ్యగా మారిపోతుంది. లిస్టులో 107 కోట్లకు పైగా అంశాలుంటే ఆ కూడిక హద్దు దాటే ప్రమాదం ఉంది. మందు తేలికే: మధ్య = మొదలు + (చివర - మొదలు) // 2. పైథాన్ పూర్ణాంకాలకు ఆ హద్దు లేదు కాబట్టి మనకు రెండు పద్ధతులూ ఒకటే, కానీ రేపు జావాకో సీకో వెళ్లినప్పుడు గుర్తుండాలి.

వేగం సంగతి. ఒక్కో పోలికకు మిగిలిన లిస్టు సగమవుతుంది. అందుకే 15 పేర్లకు 4 పోలికలు, 31కి 5, 1023కి 10. 2011 జనాభా లెక్కల్లో విశాఖ నగర జనాభా సుమారు 17 లక్షల 28 వేలు. అందరి పేర్లూ క్రమంలో ఉంటే, ఎవరి పేరైనా ఎక్కువలో ఎక్కువ 21 పోలికల్లో తేలిపోతుంది. ఊరు రెట్టింపైనా పెరిగేది ఒక్క పోలికే.

అయితే ఇదంతా లిస్టు క్రమంలో ఉంటేనే. మూడో చీటీని, పదమూడో చీటీని ఒకదాని చోట ఒకటి పెట్టండి. కంచరపాలెం, రుషికొండ తారుమారయ్యాయి, అంతే. ఇప్పుడు ఒక్కో పేరూ వెతికి చూడండి. దొరకనివి రెండే అనుకుంటాం. నిజానికి ఆరు దొరకవు: ఆ రెండూ కాక గాజువాక, గోపాలపట్నం, జగదాంబ, మధురవాడ కూడా. ఎర్రర్ అని ఎర్రక్షరాలేమీ రావు, ప్రోగ్రాం నమ్మకంగా ‘లేదు’ అంటుంది. అందుకే నా సలహా: ఒక్కసారే వెతికేది ఉంటే లీనియర్ సెర్చే చాలు, దానికోసం లిస్టంతా సర్దుకోవడం దండగ. అదే లిస్టులో పదే పదే వెతకాల్సి ఉంటే ముందు సర్దుకోండి.

క్రమం అంటే ఎవరి క్రమం? పైథాన్ తెలుగు అక్షరాలను వాటి యూనికోడ్ నంబర్లతో, అంటే కంప్యూటర్లలో ఒక్కో అక్షరానికి ఇచ్చిన స్థిరమైన సంఖ్యలతో పోలుస్తుంది. అ నంబరు 3077, ద 3110, ధ 3111. అక్షరం పక్కన పెట్టే సున్నా (ం) నంబరు 3074, అంటే అచ్చులకంటే కూడా ముందు. కాబట్టి పైథాన్ లెక్కలో కంచరపాలెం తర్వాతే కప్పరాడ. మీ దగ్గరున్న నిఘంటువు ఏ క్రమం పాటించినా సరే, లిస్టు సర్దిన క్రమం, వెతికేటప్పుడు పోల్చే క్రమం ఒకటే కావాలి.

ఇంటి పని. చీటీలను మళ్లీ సరైన క్రమంలో పెట్టి చేయండి.

మొదటిది: రుషికొండను కొందరు ఋషికొండ అని రాస్తారు. ఆ రాతతో వెతికితే ఏయే చీటీలు తిరుగుతాయి? ఆగేసరికి మొదలు విలువ ఎంత? ఋ నంబరు 3083, ఎ నంబరు 3086.

రెండోది: ఎంవీపీ కాలనీ చీటీలు రెండుంటే, అంటే మొత్తం 16 అయితే, ఈ పద్ధతికి దొరికేది మొదటిదా, రెండోదా? ఎప్పుడూ మొదటిదే దొరకాలంటే ఏ వరుస మార్చాలి? ఇది కాస్త గట్టి ప్రశ్న, ఒక పూట పట్టినా పర్లేదు.

మూడోది: మన సిటీ బస్సుల నంబర్లు 6ఏ, 28, 400, 900కె. వెనక అక్షరాలుంటాయి కాబట్టి వీటిని అంకెలుగా కాక కోట్స్ మధ్య టెక్స్ట్‌గానే పెట్టాలి. టెక్స్ట్‌ను పైథాన్ ఎడమ నుంచి ఒక్కో గుర్తు చొప్పున పోలుస్తుంది. ఈ నాలుగూ ఏ క్రమంలో వస్తాయో ముందు కాగితం మీద రాసి, తర్వాత పైథాన్‌లో క్రమంలో సర్దిపెట్టే సార్టెడ్ ఫంక్షన్‌తో సరిచూడండి. 28, 400 తర్వాత 6ఏ వచ్చిందని కంగారు పడకండి. బస్సులను మనం అనుకునే క్రమంలో సర్దడం ఎలాగో 8వ పాఠంలో, సార్టింగ్‌తో కలిపి చూద్దాం.