హ్యాంగర్ తలుపు తీయగానే పెట్రోల్ వాసన: ఎక్కడ వెతకాలి

పొద్దున తలుపు తీయగానే ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల్లో వాడే పెట్రోల్) వాసన గుప్పుమంటుంది. కాసేపు గాలి ఆడితే పోతుంది, మర్నాడు మళ్లీ అదే. సెస్నా 152, 172 లాంటి చిన్న విమానాలు పెట్టే చోట తరచూ వినే ఫిర్యాదు ఇది.

వాసన ఘాటుగా ఉంటే ముందు స్విచ్‌ల జోలికి పోకండి. లైటు, ఫ్యాను వేయొద్దు, వేసి ఉంటే ఆపొద్దు. స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వ చాలు. తలుపులు బార్లా తెరిచి, అందరూ బయటికి వచ్చేయండి.

వాసన తగ్గాక మూతలు చూడండి. దయచేసి ఇది వదిలేయకండి. చాలామంది నేరుగా విమానం ట్యాంకు మీద పడతారు. థిన్నర్, అసిటోన్, పెయింటు డబ్బాలను ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలి, కంటికి అన్నీ మూసినట్టే ఉంటాయి. తుడిచిన గుడ్డలు మూత ఉన్న ఇనుప డబ్బాలోనే ఉండాలి.

అవన్నీ బాగానే ఉన్నాయా? అయితే సంప్ (ట్యాంకు అడుగు) నుంచి తీసిన ఇంధనం పోసే డ్రమ్ము దగ్గరికి వెళ్లండి. నా టైమంతా తినేసింది ఇదే. ఎగరబోయే ముందు ట్యాంకుల అడుగు నుంచి కొంచెం తీసి నీళ్లు, మురికి ఉన్నాయేమో చూస్తాం కదా, ఆ తీసింది మూలనున్న డ్రమ్ములో పోస్తారు. మళ్లీ పోయాలి కాబట్టి గరాటు అలాగే వదిలేస్తారు. గరాటు ఉన్నంతసేపూ డ్రమ్ముకి మూత లేనట్టే. అందరి దృష్టిలో అది వేస్ట్, అందుకే స్టాకు లిస్టులో ఉండదు, ఎవరూ తనిఖీ చేయరు. అడుగున కాస్తే ఉందిలే అనుకోవడం ఇంకా ప్రమాదం: డ్రమ్ములో ఖాళీ ఎంత ఉంటే అంత ఆవిరి నిండుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలోనే ఏవ్‌గ్యాస్ నుంచి అంటుకునేంత ఆవిరి లేస్తుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో మన రేకుల షెడ్లలో ఎంత లేస్తుందో ఊహించుకోండి.

ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. నేల వెంట పాకి గుంటల్లో, డ్రెయిన్లలో నిలుస్తుంది. నిలబడ్డ మనిషి ముక్కుకన్నా ముందు నేల మీదున్న బ్యాటరీ చార్జర్‌కి, ఫ్రిజ్ కంప్రెసర్‌కి చేరుతుంది. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ హ్యాంగర్ నేల మొత్తాన్ని 18 అంగుళాల ఎత్తు దాకా ప్రమాదకర ప్రాంతంగా లెక్కించేది అందుకే.

ఈ రాత్రి గరాటు తీసి బిరడా బిగించండి. రేపు వాసన రాకపోతే కారణం దొరికినట్టే. అక్కడితో ఆగకుండా డ్రమ్ము బదులు స్ప్రింగ్ మూత, మంటను అడ్డుకునే జాలీ ఉన్న ఇనుప సేఫ్టీ క్యాన్ పెట్టి, మీద ‘ఏవ్‌గ్యాస్ వేస్ట్’ అని రాయండి. ప్లాస్టిక్ బకెట్ వద్దే వద్దు. క్యాన్‌ని పెద్ద డ్రమ్ములోకి ఒంపేటప్పుడు ఆ పని బయట చేయండి. రెండింటినీ బాండింగ్ వైరుతో కలిపి, డ్రమ్మును ఎర్త్ చేయండి, లేకపోతే స్టాటిక్ రవ్వ పుడుతుంది. చార్జర్‌ని, ఫ్రిజ్‌ని వేరే గదికి మార్చండి.

ఇక మిగిలినవి అరుదు. నిండా నింపిన ట్యాంకు వేడెక్కితే వెంట్ (ట్యాంకుకి గాలి ఆడే గొట్టం) నుంచి ఇంధనం కారుతుంది, కింద తడి తెలుస్తుంది. రెక్క కింద నీలం మరక ఉంటే అది లీకు, 100ఎల్ఎల్ అనే రకం ఏవ్‌గ్యాస్ రంగు అదే. వెంటనే మెకానిక్‌కి చూపించండి.