రికాయిల్ ముందు ‘వాజ్’ పెట్టకండి

నేను తెలుగు కథలు ఇంగ్లీషులోకి అనువాదం చేస్తుంటాను. మొదట చేసిన కథలో ఒకమ్మాయి కట్టెలు తీయబోతుంటే మోపులో పాము కనిపిస్తుంది. ‘ఒక్క ఉదుటున వెనక్కి జరిగింది’ అని ఉంటే ‘షీ వాజ్ రికాయిల్డ్ బ్యాక్’ అని రాశాను. నాలుగు మాటల్లో ఎడిటర్ రెండు కొట్టేశారు. ‘షీ రికాయిల్డ్’ మిగిలింది.

‘వాజ్ షాక్డ్’, ‘వాజ్ స్టార్టిల్డ్’ అని రాసీ రాసీ ఆ ‘వాజ్’ వచ్చిపడింది. పాము మనిషిని స్టార్టిల్ చేస్తుంది కానీ రికాయిల్ చేయదు. రికాయిల్ అయ్యేది మనిషే. ఇక ‘వెనక్కి’ అన్నది ఆ మాటలోనే ఉంది, ‘బ్యాక్’ దండగ. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాటలో పిరుదులు అనే అర్థమున్న ముక్క దాక్కుని ఉంది! తీగ చుట్ట అనే కాయిల్‌తో దీనికి చుట్టరికం లేదు.

ఉలిక్కిపడిన ప్రతిచోటా దీన్ని వాడకండి. తలుపు దభాలున పడితే ఉన్నచోటే అదిరిపడతాం, దానికి ‘జంప్డ్’ చాలు. నర్సు సూది తేగానే చెయ్యి కాస్త లాక్కుంటే ఫ్లించ్, గుచ్చాక మొహం చిట్లిస్తే విన్స్. ఒళ్ళు మొత్తం చటుక్కున వెనక్కి పోతేనే రికాయిల్. కుక్కను చూసి ఒక్కో అడుగూ వెనక్కి వేస్తే అది ‘బ్యాక్డ్ అవే’.

ఎన్‌సీసీలో రైఫిల్ కాల్చేటప్పుడు ‘బట్ (తుపాకి వెనక భాగం) భుజానికి గట్టిగా ఆనించు, లేకపోతే తన్నుతుంది’ అనేవారు. ఆ తన్నే రికాయిల్. అలా నామవాచకంగా వాడినప్పుడు చాలామంది ‘రీ’ మీద ఒత్తి పలుకుతారు, క్రియ అయితే ‘కాయిల్’ మీద. 1965 భారత్-పాక్ యుద్ధంలో మన సైనికుడు అబ్దుల్ హమీద్ జీపు మీద నుంచి పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను కొట్టింది 106 మి.మీ. రికాయిల్‌లెస్ గన్‌తో. పేలినప్పుడు వాయువును వెనక నుంచి వదిలేస్తుంది కనుక ఆ తన్ను జీపుకు తగలదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ‘రికాయిల్డ్’ అనే క్రియ వెనక వచ్చే చిన్న మాటలు. పాము నుంచి, మనిషి తాకిడి నుంచి అయితే ‘ఫ్రమ్’. దృశ్యానికో, ఆలోచనకో అయితే ‘ఎట్’: ‘హీ రికాయిల్డ్ ఎట్ ది థాట్’. భయంతో, అసహ్యంతో అనడానికి ‘ఇన్’: ‘ఇన్ హారర్’, ‘ఇన్ డిస్‌గస్ట్’. ‘ఆన్’ వస్తే అర్థమే మారుతుంది, వేసిన ఎత్తు వేసినవాడికే బెడిసికొట్టిందని. ఇప్పటి కథలో అది పాతవాసన కొడుతుంది, నేనైతే అక్కడ ‘బ్యాక్‌ఫైర్డ్’ అనే రాస్తాను.