పండక్కి కుర్చీలు పాలిష్ చేస్తున్నారా? ముందు ఆ నూనె గుడ్డల సంగతి చూడండి

ధనుర్మాసం వచ్చిందంటే కోనసీమలో పాత కుర్చీలు, పీటలు వసారాలోకి దిగుతాయి. పండక్కి అల్లుళ్లొస్తారు, వానాకాలం తడికి వార్నిష్ తెల్లబారింది, మేస్త్రీ దొరకడు. మనమే చేసుకుందాం అనుకుంటాం. తప్పకుండా చేసుకోండి. అయితే పోయిన వారం మా పక్క వీధిలో ఒక పెంకుటింటి వసారా తగలబడింది. మధ్యాహ్నం టేకు కుర్చీలకు అవిసె నూనె పట్టించి, రాత్రి భోంచేసి పడుకున్నారు. పొగ వాసనకు మెలకువ వచ్చింది కాబట్టి మనుషులు దక్కారు. అందరూ షార్ట్ సర్క్యూట్ అన్నారు. తెల్లారి చూస్తే కరెంటు వైర్లున్న గోడ బాగానే ఉంది. నేల నల్లగా కాలింది అవతలి మూలలో, నూనె తుడిచిన గుడ్డలు కుక్కిన గోనెసంచి ఉన్నచోట. దూలం దాకా మసి అక్కడి నుంచే పాకింది.

అగ్గిపుల్ల గీయకుండా గుడ్డ ఎలా కాలుతుందని చాలామంది నమ్మరు. అవిసె నూనె ఆవిరై ఆరిపోయేది కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అప్పుడు వేడి పుడుతుంది. కుర్చీ మీద పలచగా పూస్తే ఆ వేడి గాలికి పోతుంది. నూనె పీల్చిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే లోపలే ఉండిపోతుంది. వేడెక్కే కొద్దీ నూనె ఇంకా త్వరగా గట్టిపడుతుంది, ఇంకా వేడెక్కుతుంది. కొన్ని గంటలకు పొగ, ఆ తర్వాత మంట. బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ (అదీ అవిసె నూనే) అని అమ్మేదాంట్లో త్వరగా ఆరడానికి మందులు కలుపుతారు కాబట్టి దానితో ఇంకా భయం. టీక్ ఆయిల్, ఆయిల్ వార్నిష్ తుడిచిన గుడ్డలూ ఈ లెక్కలోవే.

మనవాళ్లకు ఈ అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. మనకు అలవాటైంది కొబ్బరి నూనె. అది ఇలా ఆరి గట్టిపడే రకం కాదు, ఆ జిడ్డు గుడ్డ గూట్లో ఎన్నాళ్లు పడున్నా మనం పట్టించుకోం. అదే అలవాటుతో అవిసె నూనె గుడ్డనూ మూలకు విసిరేస్తాం. దయచేసి ఉండచుట్టి పడేయొద్దు.

పని అవగానే, చేతులు కడుక్కోకముందే, ఒక్కో గుడ్డనూ విప్పి ఆరుబయట దండెం మీద విడివిడిగా ఆరేయండి. తాటాకు చూరుకీ కొబ్బరి డొక్కల గుట్టకీ దూరంగా ఉండాలి. అట్టలా బిగిసేదాకా తీయొద్దు. అలా కుదరకపోతే ఇనప డబ్బాలో నీళ్లు పోసి, గుడ్డలు పూర్తిగా ముంచి, మూత పెట్టి బయట ఉంచండి. ఒలికిన నూనె మీద రంపంపొట్టు చల్లి ఎత్తిపోస్తారు చూడండి, ఆ పొట్టూ అంతే ప్రమాదం. దాన్నీ నీళ్లలోనే వేయండి.

ఇక పాత రంగు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. తాతల నాటి ఎనామిల్ పీట అంతకు చాలా ముందుది, అందులో సీసం ఉందనే అనుకోండి. పొడిగా ఉప్పు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము నేలంతా పరుచుకుంటుంది. పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. వాటర్ పేపర్‌తో, అంటే తడిపినా పాడవని ఉప్పు కాగితంతో, తడిపి రుద్దండి. కింద పట్టా పరవండి. చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి. గర్భిణులు, పసిపిల్లలు ఆ వైపే రాకూడదు.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

గీకిన రంగు పెచ్చులు, రంగు పూసిన విరిగిన కాళ్లు భోగి మంటలో వేయొద్దు. చుట్టూ నిలబడ్డ పిల్లలు పీల్చేది ఆ పొగే.

థిన్నర్ మూత తీసిన చోట దోమల కాయిల్ వెలిగించొద్దు. దీపం వద్దు, స్టవ్ వద్దు. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేలబారుగా పాకి వంటింటి దాకా పోతుంది.

తలుపులు మూసుకుని పాలిష్ వేయొద్దు.

స్పిరిట్ పాలిష్‌ను కూల్ డ్రింక్ సీసాలోకి మార్చొద్దు. ఎంత కొంచెమైనా సరే.

రంగు ఊడదీయడానికి కాస్టిక్ సోడా తెస్తే, సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె వాడొద్దు. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు గ్లౌజులు లేకుండా దాని జోలికి పోవద్దు.

దుమ్ముకు ముక్కుకు కట్టుకున్న తువ్వాలు చాలదు. ఎన్95 మాస్కు పెట్టుకోండి.

2022 జులై గోదావరి వరదలో నానిన స్టూళ్లు లంక గ్రామాల్లో ఉంటే జాగ్రత్త. పైన ఎంత మెరిసినా, కాళ్ల బిగువు చూడకుండా వాటి మీద ఎవరినీ ఎక్కనివ్వొద్దు.

నూనె గుడ్డ ఉండచుట్టి పడేయొద్దు. కవర్లో మూట కట్టొద్దు. చెత్తబుట్టలో వేయొద్దు. బైక్ డిక్కీలో పెట్టొద్దు.

పనివాడిని పెట్టుకున్నా సరే, గుడ్డలు ఎక్కడ వేశాడో మీరే చూడండి.

ఉండచుట్టి ఉన్న నూనె గుడ్డ ముట్టుకుంటే వెచ్చగా తగిలినా, కమురు వాసన వచ్చినా విప్పి చూడొద్దు. గాలి తగిలితే భగ్గుమంటుంది. అలాగే నీళ్లలో ముంచేయండి.

రాత్రి తలుపు గడియ పెట్టే ముందు లెక్క చూడండి: ఎన్ని గుడ్డలు వాడారు, దండెం మీద ఎన్ని ఉన్నాయి. ఒక్కటి తగ్గినా టార్చి పట్టుకుని వెతకండి. దొరికేదాకా పడుకోవద్దు.