రోబో యానిమేలు ఏ వరుసలో చూడాలి: ఒక ట్రాక్టర్ మెకానిక్ సలహా

ఒడిశాలోని గుణుపురంలో నాకు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. వానలకు పనులు ఆగిన రోజుల్లో మా మేనల్లుడితో కలిసి జపాన్ రోబో యానిమేలు, అంటే అక్కడి కార్టూన్ సీరియళ్లు, చూడటం అలవాటైంది. మొదట కొత్తవి పెట్టుకుని తలా తోకా అర్థంకాక తికమకపడ్డాం. మీరలా చేయకండి.

ముందు 1963 నాటి టెట్సుజిన్ 28 ఒక్క భాగం చూడండి, చాలు. అందులో పిల్లవాడు దూరంనుంచి రిమోట్‌తో రోబోను నడుపుతాడు. తరువాత 1972లో మొదలైన మజింగర్ జెడ్. ఇక్కడ కుర్రవాడు యంత్రం తలలోకే ఎక్కి కూర్చుంటాడు. ఇంజిను అదురు ఒంటికి తెలిసినవారికి ఆ తేడా చెప్పనక్కరలేదు.

అసలు సమయం 1979 నాటి గండమ్‌కు కేటాయించండి. అందులో రోబో దేవుడు కాదు, యుద్ధ సామగ్రి. తూటాలు అయిపోతాయి, విడిభాగాలు కావాలి, మరమ్మతులు చేయాలి. నాకు నచ్చకుండా ఉంటుందా మరి! మొదటి ప్రసారంలో ఆదరణ లేక 43 భాగాలకే కుదించారు. పునఃప్రసారాలు, ప్లాస్టిక్ బొమ్మల కిట్లు దానికి ప్రాణం పోశాయి. అంత ఓపిక లేకపోతే 1981, 82లలో వచ్చిన మూడు సినిమాలు చూడండి.

1995 నాటి ఎవాంజెలియన్‌ను రాత్రి ఒంటరిగా చూడకండి. 26 భాగాల్లోనూ యంత్రంకన్నా నడిపేవాడి మనసే ఎక్కువ దెబ్బతింటుంది. వెంటనే 2007 నాటి గుర్రెన్ లగాన్ పెట్టండి, గుండె తేలికపడుతుంది.

చివరగా 2022 నాటి గండమ్, ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ. కథానాయిక ఆడపిల్ల. మా మేనకోడలు మాతో కూర్చుని చూసింది అదొక్కటే.