క్లౌడ్ డీఆర్ స్వయంశిక్షణ – 4వ పాఠం: అప్లయన్స్‌కి ఎంత మెషీన్, ఎంత లైను?

గత మూడు పాఠాల్లో ఏ సర్వర్ పడిపోతే ఏ పని ఆగుతుందో జాబితా వేశాం. ఎంతసేపటి డేటా పోతే తట్టుకోగలమో, అంటే ఆర్‌పీఓ, ఎంతసేపట్లో మళ్ళీ లేవాలో, అంటే ఆర్‌టీఓ, తేల్చుకున్నాం. ఈసారి జేబుకి తగిలే విషయం: ఆఫీసులో పెట్టే డిజాస్టర్ రికవరీ (డీఆర్, అంటే విపత్తు తర్వాత పనిని మళ్ళీ లేపడం) అప్లయన్స్‌కి, అంటే డేటా కాపీని క్లౌడ్‌కి పంపే మెషీన్‌కి, ఎంత హార్డ్‌వేర్, ఎంత ఇంటర్నెట్ లైను కావాలి, దాన్ని ఎక్కడ పెట్టాలి.

మన ఊహా ఆఫీసు పాతదే. విశాఖ పోర్టు దగ్గర ఎగుమతి, దిగుమతి కాగితాలు చూసే ఓ క్లియరింగ్ ఏజెన్సీ. రెండు ఫిజికల్ సర్వర్లు, వాటిమీద 14 వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడివిడి కంప్యూటర్లు), మొత్తం 5 టీబీ డేటా. ఆర్‌పీఓ 15 నిమిషాలు, ఆర్‌టీఓ 4 గంటలు.

అప్లయన్స్ చేసే పని చెప్పడానికి చిన్నదే. సర్వర్ల డిస్కుల్లో జరిగే ప్రతి మార్పునూ అందుకుంటుంది, కుదిస్తుంది, ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, లైను ఖాళీ అయ్యేదాకా తన దగ్గర దాచుకుంటుంది, క్లౌడ్‌కి పంపుతుంది. దాచుకునే ఆ చోటుని కొందరు జర్నల్ అంటారు, కొందరు కాష్ అంటారు. అన్ని సేవలూ ఒకేలా ఉండవు. మైక్రోసాఫ్ట్ అజూర్ సైట్ రికవరీలో వీఎంవేర్ (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) మెషీన్లని కాపాడాలంటే ఆఫీసులో ఒక రెప్లికేషన్ (కాపీ పంపే) అప్లయన్స్ నిలబెట్టాలి. అమెజాన్ ఎలాస్టిక్ డిజాస్టర్ రికవరీలో మామూలుగా ప్రతి సర్వర్ మీదా ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ వేస్తారు, అది నేరుగా క్లౌడ్‌లోని రెప్లికేషన్ సర్వర్‌కి పంపుతుంది. అక్కడ ఆఫీసులో వేరే అప్లయన్స్ ఖర్చు తప్పుతుంది, కానీ లైను లెక్క మాత్రం తప్పదు.

కొటేషన్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని సర్వర్లు? మొత్తం ఎన్ని టీబీలు?" అని. ఆ రెండు అంకెలతో లైసెన్సు ధర వస్తుంది, మెషీన్ సైజు రాదు. 5 టీబీ అనే అంకె మనకి ఒకేసారి పనికొస్తుంది, మొదటి కాపీ పంపేటప్పుడు. ఆ తర్వాత రోజూ అప్లయన్స్ మోసేది మార్పుల్ని మాత్రమే. కాబట్టి కొలవాల్సింది గంటకి ఎంత రాత జరుగుతోంది అన్నది.

కొలవడం కష్టమేమీ కాదు. విండోస్‌లో పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి డిస్కుకి సెకనుకి రాసే బైట్ల కౌంటర్ పెట్టండి. లైనక్స్‌లో ఐవోస్టాట్ చాలు. వీఎంవేర్ ఉంటే దాని నిర్వహణ సాఫ్ట్‌వేర్ వీసెంటర్ చార్టుల్లో ప్రతి మెషీన్ రాత వేగం కనిపిస్తుంది. కనీసం వారం కొలవండి, ఆ వారంలో నెలాఖరు తప్పకుండా ఉండాలి. ఒక జాగ్రత్త: ఒకే బ్లాకుని గంటలో వందసార్లు తిరగరాస్తే, ప్రతి రాతనూ పట్టుకునే పద్ధతిలో వందా లెక్కకొస్తాయి. గంటకోసారి స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో దాని నకలు) తీసే పద్ధతిలో చివరి రాత ఒక్కటే లెక్క. మీరు కొనబోయేది ఏ పద్ధతో ముందు కనుక్కుంటే అనవసరంగా పెద్ద మెషీన్ కొనరు.

మన ఏజెన్సీలో కొలిస్తే ఇలా వచ్చిందనుకుందాం. మామూలు రోజు మార్పులు 90 జీబీ, నెలాఖరున 150 జీబీ. అందులో సాయంత్రం 6 నుంచి 7 దాకా, రోజు లెక్కలు మూసి, స్కాన్ చేసిన బిల్లులన్నీ ఎక్కించే ఆ ఒక్క గంటలో 30 జీబీ.

ఇప్పుడు లెక్క చూడండి. 90 జీబీని 24 గంటలకి పంచితే సగటున 8.3 ఎంబీపీఎస్ వస్తుంది. అది చూసి 20 ఎంబీపీఎస్ లైను ఎక్కువే అనిపిస్తుంది. ఏరు సగటు లోతు మోకాలే కదా అని దిగినట్టుంటుంది ఆ లెక్క. సాయంత్రం గంటలో 30 జీబీ అంటే 67 ఎంబీపీఎస్. 20 ఎంబీపీఎస్ లైను గంటకి 9 జీబీ మాత్రమే మోస్తుంది. 7 గంటలకి 21 జీబీ వెనకబడి ఉంటారు. ఆ తర్వాత కూడా గంటకి 4 జీబీ కొత్తది వస్తూ ఉంటే నికరంగా తీరేది గంటకి 5 జీబీయే. రాత్రి 11 దాటినా బాకీ తీరదు. ఆ సాయంత్రమంతా మీ 15 నిమిషాల ఆర్‌పీఓ కాగితం మీద ఉంటుంది, అంతే.

అందుకే మన ఏజెన్సీకి 100 ఎంబీపీఎస్ లైను తీసుకుని, అందులో 70 రెప్లికేషన్‌కి కేటాయిద్దాం. గంటకి 31.5 జీబీ వెళ్తుంది, శిఖర గంట గట్టెక్కుతుంది. లైను కొనేటప్పుడు అప్‌లోడ్ వేగం ఎంతో విడిగా అడగండి. చవక బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో పెద్ద అంకె డౌన్‌లోడ్‌ది కావచ్చు, మన సరుకు వెళ్ళేది పైకి. కుదింపు వల్ల సగం అవుతుందిలే అని లెక్క తగ్గించుకోకండి. డేటాబేస్ బాగానే కుదించుకుపోతుంది గానీ, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లూ ఫొటోలూ ముందే కుదించి ఉంటాయి, వాటిలో ఇంకా తగ్గేది దాదాపు ఏమీ ఉండదు.

మొదటి కాపీ సంగతి. 70 ఎంబీపీఎస్ రోజంతా పారితే 756 జీబీ వెళ్తుంది. అందులో 90 ఆ రోజు మార్పులకే పోతే, 5 టీబీకి ఏడున్నర రోజులు. ఆఫీసు వేళ పది గంటలు రెప్లికేషన్‌ని 20కి కట్టేసి, మిగతా పద్నాలుగు గంటలు 70 ఇస్తే రోజుకి వెళ్ళేది 531 జీబీ. మార్పులు పోను 441. అంటే పదకొండు రోజుల పైనే. "సోమవారం పెడితే బుధవారానికి రెడీ" అని మేనేజర్‌కి మాటివ్వకండి.

జర్నల్ సైజు దగ్గర విశాఖవాళ్ళందరికీ వెంటనే గుర్తొచ్చేది హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబర్ 12న తీరం దాటింది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. కాబట్టి వారం రోజుల మార్పులు పట్టేంత జర్నల్ పెడదాం అని చాలామంది అంటారు. నా లెక్క వేరు. కరెంటూ లేక, లైనూ లేక, జనమూ రాని రోజున సర్వర్లలో రాత జరగదు. రాత లేకపోతే జర్నల్ నిండదు. అది నిండేది మామూలు రోజున, రోడ్డు తవ్వుతూ ఎవరో ఫైబర్ తెంపినప్పుడు. కరెంటు ఉంటుంది, అందరూ పని చేస్తూనే ఉంటారు, మార్పులు మాత్రం బయటకి వెళ్ళవు. కాబట్టి జర్నల్‌ని ఫైబర్ తెగిన రోజుకి కొలవండి, తుఫానుకి కాదు.

రెండు రోజులు లైను రాకపోవచ్చు, అదీ నెలాఖరున, అనుకుంటే 300 జీబీ. పైన 30 శాతం చేరిస్తే 390. ఒక్కొక్కటి 480 జీబీ ఉన్న రెండు ఎస్‌ఎస్‌డీలని మిర్రర్ చేస్తే (రెండింటిలోనూ ఒకే డేటా రాస్తే) చాలు. లైను తిరిగొచ్చాక 300 జీబీ బాకీ, కొత్తగా రోజుకి 150 చొప్పున వస్తూ ఉన్నా, దాదాపు పన్నెండు గంటల్లో తీరుతుంది. జర్నల్ పూర్తిగా నిండిపోతే ఆఫీసు సర్వర్లలో డేటా పోదు గానీ, చాలా ఉత్పత్తులు రీసింక్‌లో పడతాయి. అంటే 5 టీబీనీ మళ్ళీ మొదట్నుంచి చదివి క్లౌడ్ కాపీతో పోల్చడం. అది నడుస్తున్నంతసేపూ సర్వర్లు నెమ్మదిస్తాయి, కొత్త రికవరీ పాయింట్లు రావు.

జర్నల్‌కి ఎస్‌ఎస్‌డీయే ఎందుకంటే, అది ఒక చేత్తో రాస్తూ ఇంకో చేత్తో చదువుతూ ఉంటుంది. 7200 ఆర్‌పీఎమ్ డిస్కు ఒకటి సెకనుకి వంద లోపు చిన్న పనులే చేయగలదు. పైగా డిస్కుల్ని కలిపి వాడే రైడ్ పద్ధతుల్లో రైడ్ 5 పెడితే ప్రతి చిన్న రాతకీ నాలుగు డిస్కు పనులు పడతాయి. రైడ్ 1 లేదా 10 పెట్టండి.

ప్రాసెసర్, ర్యామ్ గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. తయారీదారు చెప్పిన కనీసమే మన సైజు ఆఫీసుకి సరిపోతుంది. ఉదాహరణకి అజూర్ రెప్లికేషన్ అప్లయన్స్ 8 కోర్లు, 32 జీబీ ర్యామ్ అడుగుతుంది. ఆ ర్యామ్‌ని వర్చువల్ మెషీన్‌కి పూర్తిగా రిజర్వ్ చేయండి, పక్క మెషీన్లు లాక్కోకుండా.

ఇక ఎక్కడ పెట్టాలి. అప్లయన్స్‌ని వర్చువల్ మెషీన్‌గా పెట్టడం తప్పేం కాదు, కానీ అది కాపాడే డేటాస్టోర్ మీదే దాని జర్నల్ కూడా ఉండకూడదు. ఆ స్టోరేజ్ మొరాయిస్తే ఇంకా పంపని మార్పులు కూడా దాంతోపాటే పోతాయి. జర్నల్ ఫోల్డర్‌ని యాంటీవైరస్ స్కాన్ నుంచి మినహాయించండి. స్టాటిక్ ఐపీ ఇవ్వండి. ఫైర్‌వాల్‌లో బయటకి 443 నంబరు పోర్టు తెరవాలి. అమెజాన్ పద్ధతిలో డేటాకి టీసీపీ 1500 కూడా కావాలి. అజూర్‌లో సర్వర్లనుంచి అప్లయన్స్‌కి 9443 మీద డేటా వస్తుంది. అన్నీ తెరిచినా కనెక్ట్ కావట్లేదంటే, మొదట చూడాల్సింది ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎస్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ (ఎన్‌క్రిప్ట్ అయిన డేటాని మధ్యలో విప్పి చూడటం). క్లౌడ్ చిరునామాలకి దాన్ని ఆపేస్తే చాలాసార్లు టెన్షన్ తీరిపోతుంది. గడియారం కూడా సరిచూడండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వర్ల సమయాన్ని ఎన్‌ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ టైమ్ సర్వర్లతో గానీ, వాటిని అనుసరించే టైమ్ సర్వర్లతో గానీ కలపాలి.

గది గురించి బయటి ఊళ్ళవాళ్ళు రాసిన గైడ్లలో కనిపించనిది మన ఉప్పుగాలి. సముద్రం వైపు కిటికీ తెరుచుకునే గదిలో ర్యాక్ పెడితే కనెక్టర్లు తుప్పు పడతాయి. కిటికీ మూసి సీల్ చేయించండి, ఏసీ రెండు పెట్టి మార్చి మార్చి నడపండి, 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచండి. యూపీఎస్‌నీ జనరేటర్ స్విచ్‌నీ సెల్లార్‌లో పెట్టనివ్వకండి. రెండు కంపెనీల లైన్లు తీసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండకుండా, రెండూ ఒకే కందకంలోంచి, ఒకే స్తంభాల మీదుగా వస్తున్నాయేమో వీధిలోకి వెళ్ళి చూడండి. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కరెంటు తీగల్ని భూమిలోకి దింపే పని చేపట్టారు. మీ ఫైబర్ కూడా దిగిందని దానర్థం కాదు.

క్లౌడ్ వైపు ఏ ప్రాంతం? అమెజాన్‌కి ముంబైలోనూ, 2022 నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్లున్నాయి. అజూర్‌కి పుణె, చెన్నై, ముంబై. నేనైతే చెన్నైని రెండో ఎంపికగానే ఉంచుతాను, అదీ ఇదే బంగాళాఖాతం ఒడ్డు. 2016 డిసెంబర్‌లో వర్ధా తుఫాను దాన్ని నేరుగానే తాకింది. విశాఖలో గూగుల్ భారీ డేటా సెంటర్ పెడుతున్నట్టు 2025 అక్టోబర్‌లో ప్రకటించినప్పటి నుంచి "ఇక మన డీఆర్ ఇక్కడే పెట్టేసుకోవచ్చుగా" అనేవాళ్ళు ఎదురవుతున్నారు. మీ సర్వర్లు విశాఖలో ఉన్నంతకాలం విశాఖలోనే ఉన్న కాపీ డీఆర్ అవదు. ఏ ప్రాంతం ఎంచుకున్నా మీ ఖాతాకి వర్చువల్ కోర్ల కోటా ఎంత ఉందో ఇప్పుడే చూడండి. కొత్త ఖాతాల్లో అది తక్కువ ఉంటుంది. 14 మెషీన్లకి 60 కోర్లు కావాల్సిన రోజున కోటా పెంచమని అర్జీ పెట్టుకుంటూ కూర్చుంటే 4 గంటల ఆర్‌టీఓ అక్కడే గడిచిపోతుంది.

తుఫాను చెప్పి వచ్చే విపత్తు. వాతావరణ శాఖ హెచ్చరికలు అంచెలుగా వస్తాయి: 72 గంటల ముందు ప్రీ-సైక్లోన్ వాచ్, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్. ఈ వ్యవధిని వాడుకోని డీఆర్ ప్లాన్ మన ఊరికి సరిపోదు. అలర్ట్ రాగానే జర్నల్ బాకీ సున్నాకి తెచ్చి, వార్నింగ్ దశలో, గాలి మొదలవకముందే సర్వర్లని పద్ధతిగా ఆపి క్లౌడ్‌లో లేపండి. ఇలా ముందే అనుకుని మార్చుకుంటే డేటా నష్టం సున్నా. కూలిపోయాక మార్చుకుంటే 15 నిమిషాలదాకా పోవచ్చు.

చెప్పకుండా వచ్చేవీ ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర స్టైరీన్ వాయువు లీకైనప్పుడు చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. అలాంటి రోజున సర్వర్లు చక్కగా నడుస్తూనే ఉండొచ్చు, ఆఫీసులోకి మాత్రం ఎవరూ వెళ్ళలేరు. అప్లయన్స్ కన్సోల్‌నీ, క్లౌడ్ కన్సోల్‌నీ ఇంటినుంచి తెరవగలగాలి. అప్లయన్స్‌కి లోకల్ లాగిన్ ఒకటి విడిగా ఉంచండి. ఆఫీసు లాగిన్లన్నీ సరిచూసే డొమైన్ కంట్రోలరే పడిపోతే డొమైన్ పాస్‌వర్డ్ పనిచేయదు. ఓటీపీ వచ్చే ఫోన్ విశాఖలో ఒక్కరి దగ్గరే ఉంటే, టవర్లు పోయిన రోజున క్లౌడ్ తాళం కూడా పోయినట్టే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంకొకరికి అధికారం ఇవ్వండి. అప్లయన్స్ కాన్ఫిగరేషన్, పాస్‌ఫ్రేజ్ ఆ అప్లయన్స్ మీదే దాచి ఊరుకోకండి. ఆఫీసు మళ్ళీ తెరిచాక క్లౌడ్‌నుంచి వెనక్కి తెచ్చుకోవడానికి అవి కావాలి.

ఈ వారం అభ్యాసం: మీ ఆఫీసులో ఎక్కువ రాసే మూడు సర్వర్లు ఎంచుకుని, ఐదు నిమిషాలకోసారి రాత వేగం నమోదయ్యేలా పెట్టండి. అందులోంచి రోజు మొత్తం, శిఖర గంట తీయండి. శిఖర గంట జీబీని 8000తో గుణించి 3600తో భాగిస్తే కావాల్సిన ఎంబీపీఎస్ వస్తుంది. దాన్ని మీ అసలు అప్‌లోడ్ వేగం పక్కన రాసుకోండి. వచ్చే పాఠంలో టెస్ట్ ఫెయిలోవర్ (సర్వర్లని క్లౌడ్‌లో లేపి చూసే పరీక్ష) చేస్తాం, ఈ రెండు అంకెలూ దగ్గర పెట్టుకుని రండి.