మందు పేగులో ఎంత ఇంకుతుంది? 4వ పాఠం: ఏడు గదుల లెక్క

పారగమ్యత అంటే ఏమిటో, అంటే మందు పేగు గోడను ఎంత వేగంగా దాటగలదో, కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఆ ఒక్క అంకెతో, మింగిన మోతాదులో ఎంత భాగం చిన్నపేగు గోడ దాటుతుందో లెక్క కడదాం. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. చేత్తో చేస్తేనే ఇది పట్టుబడుతుంది.

మన మందు బీపీకి వాడే మెటోప్రొలాల్. స్వీడన్‌లోని ఉప్సాలాలో పరిశోధకుడు లెన్నర్నాస్ బృందం మనుషుల జెజునంలోకి (చిన్నపేగు మధ్య భాగం) సన్నని గొట్టం దింపి, రెండు బెలూన్లతో 10 సెం.మీ. మేర మూసి, అందులో మందు ద్రావణం పారించి పారగమ్యత కొలిచింది. మెటోప్రొలాల్‌కు సెకనుకు సుమారు 0.00013 సెం.మీ. వచ్చింది. 3600తో గుణిస్తే గంటకు 0.468. చాలామంది తప్పేది ఇక్కడే. ఈ గుణకారం మరిచిపోతే జవాబు దాదాపు సున్నా వస్తుంది.

1990లలో లారెన్స్ యు, గోర్డన్ అమిడన్ అనే ఔషధ శాస్త్రవేత్తలు చిన్నపేగును వరసగా ఏడు గదులుగా ఊహించారు. మొత్తం ప్రయాణం 199 నిమిషాలు, అంటే గదికి 0.474 గంట. పేగు వ్యాసార్ధం 1.75 సెం.మీ. గొట్టం గోడ వైశాల్యాన్ని లోపలి ఘనపరిమాణంతో భాగిస్తే 2 బై వ్యాసార్ధం వస్తుంది కదా. కాబట్టి ఇంకే వేగం 2 × 0.468 ÷ 1.75 = గంటకు 0.535. దీన్ని 0.474తో గుణిస్తే 0.2535.

ఈ అంకె అర్థం కాస్త నిదానంగా చూడండి. గదిలో ఉన్న మందుకు దారులు రెండు: గోడలోకి, లేదా పక్క గదిలోకి. పక్క గదికి 1 పాలు పోతే గోడలోకి 0.2535 పాలు పోతుంది. అంటే ప్రతి గదిలోకి వచ్చిన దానిలో 1 ÷ 1.2535 = 0.798 వంతు ముందుకు సాగుతుంది. 0.798ని ఏడుసార్లు గుణిస్తే మిగిలేది 0.206. ఇంకింది సుమారు 79 శాతం.

మూడో గది, అంటే జెజునం చివరి భాగం, దాటేసరికే మిగిలేది 0.508. సగం మోతాదు అక్కడికే అయిపోయింది. కాలువ నీళ్ళు ఎగువ పొలాలకే చాలావరకు చెల్లి, శివారు భూములకు కొద్దిగా చేరినట్టే ఇదీ.

నిజానికి మెటోప్రొలాల్ దాదాపు పూర్తిగా ఇంకుతుంది. మన లెక్క చిన్నపేగుతో ఆగిపోయింది, పెద్దపేగు కూడా ఈ మందును బాగా తీసుకుంటుంది. రోజుకొక్కసారి వేసుకునే, మందును నిదానంగా వదిలే మాత్ర పనిచేసేది అందుకే. ఇంకొక మాట, ఇది తప్పక గుర్తుంచుకోండి: గోడ దాటిందంతా రక్తంలో తిరగదు. కాలేయం తొలి దఫాలోనే పెద్ద వాటా మార్చేస్తుంది, అందుకే ఒంటికి అందేది సుమారు సగం. ఇంకిన శాతాన్ని, అందిన శాతాన్ని ఎప్పుడూ కలపకండి.

అభ్యాసం: అటెనొలాల్ పారగమ్యత సెకనుకు 0.00002 సెం.మీ. లెక్క వేయండి. సుమారు 23 శాతం రావాలి. మనుషుల్లో ఇంకేది మాత్రం దాదాపు సగం. పారగమ్యత తక్కువైన మందుల దగ్గర ఈ పద్ధతి అంకె తప్పుతుంది, కానీ రెండు మందుల్లో ఏది ఎక్కువ ఇంకుతుందో సరిగ్గానే చెబుతుంది. ఏడు గదులకూ జెజునం విలువే వేశామని గమనించారా? గది గదికీ వేరే విలువ వేయడం 5వ పాఠంలో.