ఓనర్ గెలవడానికే డబ్బు పెడుతున్నాడా? వాదనకు దిగే ముందు చూడాల్సినవి

పిట్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ మాట ఎత్తితే చాలు, రెండు నిమిషాల్లో కబుర్లు టీమ్ ఓనర్ మీదికి మళ్ళుతాయి. "పిసినారి, టీమ్ అమ్మేసి పోవాలి" అని ఒకరంటే, "చిన్న ఊరు, ఆయన మాత్రం ఏం చేస్తాడు" అని ఇంకొకరు. ఇక్కడి జట్టు పైరేట్స్ 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లలో గెలిచిన ఆటల కంటే ఓడినవే ఎక్కువ. 2013, 2014, 2015లలో ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీలు) ఆడారు. ఆ తర్వాత 2025 దాకా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అందుకే ఇక్కడ ఈ వాదన కాలక్షేపం కాదు, కడుపుమంట.

నా ఉద్యోగం జీతాల లెక్కలు చూడటం. అంకెలు చూస్తే వాటి వెనక ఏముందో తవ్వాలనిపిస్తుంది. ఒక్కటి మాత్రం నమ్మకంగా చెప్పగలను: ఓనర్ ఎంత ఖర్చు పెట్టాడన్నది సగం ప్రశ్నే. ఎప్పుడు పెట్టాడు, దేనిమీద పెట్టాడు అన్న దగ్గరే ఆయనకు గెలవాలని ఉందో లేదో తెలుస్తుంది. అది ఎలా చూడాలో ఇక్కడ రాస్తున్నాను. మీ టీమ్ ఏదైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఏ అంకె మీద వాదిస్తున్నారో తేల్చుకోండి

సగం గొడవలు ఇక్కడే పుడతాయి. ఒకే జట్టుకు మూడు రకాల పేరోల్ అంకెలు కనిపిస్తాయి. సీజన్ మొదటి రోజున జట్టులో ఉన్నవాళ్ళ జీతాల మొత్తం ఒకటి. సీజన్ ముగిసేసరికి నిజంగా చెల్లించింది ఇంకొకటి. లగ్జరీ టాక్స్ (జీతాల మొత్తం ఒక గీత దాటితే జట్టు లీగ్‌కు కట్టేది) కోసం లీగ్ వేసే లెక్క మూడోది. ఈ మూడోదాంట్లో ఈ ఏడాది చేతికిచ్చే డబ్బు కాకుండా, కాంట్రాక్ట్ మొత్తాన్ని ఏళ్ళతో భాగించి వచ్చిన సగటు వేస్తారు.

ఎంత తేడా వస్తుందో షోహెయ్ ఒతాని కాంట్రాక్ట్ చూస్తే తెలుస్తుంది. డాడ్జర్స్‌తో పదేళ్ళకు 70 కోట్ల డాలర్లు. అందులో 68 కోట్లు 2034 నుంచి 2043 మధ్య ఇస్తారు. ఆడుతున్న పదేళ్ళలో ఏడాదికి చేతికి వచ్చేది 20 లక్షల డాలర్లే. ఆలస్యంగా ఇచ్చే డబ్బును నేటి విలువకు తగ్గించి లెక్కిస్తారు కాబట్టి, లగ్జరీ టాక్స్ లెక్కలో ఏడాదికి 7 కోట్లు కాకుండా దాదాపు 4.6 కోట్లు పడుతుంది. మీరు ఒక అంకె పట్టుకుని, అవతలివాళ్ళు ఇంకోటి పట్టుకుంటే తెల్లారేదాకా కూర్చున్నా వాదన తెగదు.

కాట్స్ బేస్‌బాల్ కాంట్రాక్ట్స్, స్పాట్రాక్, ఫ్యాన్‌గ్రాఫ్స్ వాళ్ళ రోస్టర్ రిసోర్స్, ఈ వెబ్‌సైట్లలో ఏదో ఒకటి ఎంచుకోండి. రెండు జట్లను పోల్చేటప్పుడు ఇద్దరికీ అదే వాడండి. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకుండా ఐదేళ్ళు వరసగా చూడండి. బేస్‌బాల్‌లో జీతాలకు పై పరిమితి లేదు, ఈ టాక్స్ గీత ఒక్కటే ఉంది. 2025లో అది 24.1 కోట్ల డాలర్లు, 2026లో 24.4 కోట్లు. మొదటిసారి దాటితే, దాటిన మొత్తం మీద 20 శాతం. వరసగా రెండో ఏడాదీ దాటితే 30, మూడో ఏడాది నుంచి 50. మరీ ఎక్కువ దాటినవాళ్ళకు దానిపైన ఇంకో వడ్డన.

"నష్టాల్లో ఉన్నాం" అంటే వెంటనే నమ్మకండి, వెంటనే కొట్టిపారేయకండి

జట్ల ఖాతాలు చాలావరకు గుట్టుగానే ఉంటాయి. అట్లాంటా బ్రేవ్స్ మాత్రం 2023 నుంచి విడిగా స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ కాబట్టి ప్రతి మూడు నెలలకూ లెక్కలు బయటపెడుతుంది. అవి చదివితే ఒక టీమ్‌కు డబ్బు ఏయే దారుల్లో వస్తుందో అర్థమవుతుంది: టికెట్లు, టీవీ, లీగ్ నుంచి వచ్చే వాటా, స్టేడియం పక్కన కట్టిన షాపులు, ఆఫీసుల అద్దెలు. బేస్‌బాల్ ఓనర్ ఎవరైనా ఆదాయం గురించి మాట్లాడినప్పుడు ఈ దారులన్నీ లెక్కలోకి వచ్చాయా అని అడగండి.

ఏడాది లాభనష్టాలు ఒకటి, టీమ్ విలువ ఇంకొకటి. ఓరియోల్స్‌ను పీటర్ ఏంజెలోస్ 1993లో 17.3 కోట్ల డాలర్లకు కొన్నారు. 2024లో ఆ కుటుంబం అమ్మినప్పుడు పలికిన ధర 172.5 కోట్లు. ఏటా నాలుగు డాలర్లు నష్టం వచ్చిందని ఎవరైనా బాధపడుతుంటే ఈ ముచ్చట గుర్తుచేయండి.

మా గ్యాంగ్‌లో ఒక తమ్ముడున్నాడు. ప్రతిసారీ ఒకటే మాట: "అన్నా, ఆయన డబ్బు, ఆయనిష్టం. మనమెవరం అడగడానికి?" వాడికి నేను చెప్పేది రెండు విషయాలు. ఒకటి, ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధిలో వేస్తుంది, దాన్ని 30 జట్లకూ సమానంగా పంచుతారు. చిన్న ఊరి టీమ్‌లకు ఇలా పెద్ద ఊళ్ళ డబ్బు వస్తుంది. ఆ డబ్బును మైదానంలో జట్టు మెరుగుపడటానికి వాడాలని ఆటగాళ్ళ యూనియన్‌తో లీగ్ చేసుకున్న ఒప్పందంలోనే ఉంది. 2018లో యూనియన్ సరిగ్గా ఈ విషయం మీదే పైరేట్స్, రేస్, మార్లిన్స్, ఏస్ జట్ల మీద ఫిర్యాదు చేసింది. రెండోది స్టేడియం. 1997లో అమ్మకపు పన్ను పెంచి కొత్త స్టేడియాలు కడదామని ఇక్కడ 11 కౌంటీల్లో ఓటు పెడితే, 11 కౌంటీలూ వద్దన్నాయి. అయినా "ప్లాన్ బి" అని వేరే దారిలో ప్రజల సొమ్మే సర్దారు. 2001లో పీఎన్‌సీ పార్క్ తెరిచారు. అద్భుతమైన పార్కు, నదికి అవతల ఊరంతా కనిపిస్తుంది, నాకు ప్రాణం. దానికి డబ్బులిచ్చినవాళ్ళకు అడిగే హక్కు ఉంటుంది.

జట్టు అంచు దాకా వచ్చిన శీతాకాలం చూడండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. జట్టు అడుగున ఉన్నప్పుడు ఓనర్ ఖర్చు పెట్టకపోతే అర్థం చేసుకోవచ్చు. ఇంకో ఇద్దరు ముగ్గురు మంచి ఆటగాళ్ళు వస్తే కప్పు అందుతుందనుకున్న ఏడాది ఆయన ఏం చేశాడన్నదే అసలు సాక్ష్యం.

2015 పైరేట్స్‌ను తీసుకోండి. 98 ఆటలు గెలిచారు. అదే డివిజన్‌లో కార్డినల్స్ 100 గెలవడంతో మనవాళ్ళు వైల్డ్ కార్డ్‌కు, అంటే ఓడితే ఇంటికే అన్న ఒక్క ఆటకు వెళ్ళాల్సి వచ్చింది. అందులో కబ్స్ పిచర్ (బంతి విసిరేవాడు) జేక్ అరియెటా చేతిలో 4-0తో ఓడారు. ఆ ఏడాది పార్కుకు దాదాపు 25 లక్షల మంది వచ్చారు. ఊరంతా టీమ్ వెనకే ఉంది. డబ్బు తీయడానికి అంతకంటే మంచి సమయం ఎప్పుడొస్తుంది?

ఆ శీతాకాలం, అంటే సీజన్ల మధ్య ఆటగాళ్ళు చేతులు మారే కాలంలో, ఏం జరిగిందో చూడండి. పిచర్ ఎ.జె. బర్నెట్ రిటైర్ అయ్యాడు. జూలై చివర్లో తెచ్చుకున్న జె.ఎ. హ్యాప్ ఇక్కడ 11 ఆటలు మొదలుపెట్టి 7-2తో (ఏడు గెలుపులు, రెండు ఓటములు), 1.85 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) అదరగొట్టాడు. అతన్ని టొరంటో మూడేళ్ళకు 3.6 కోట్ల డాలర్లకు తీసుకుపోయింది. ఈ ఊళ్ళో పెరిగిన పిల్లాడు నీల్ వాకర్‌ను మెట్స్‌కు ఇచ్చి జాన్ నీస్ అనే పిచర్‌ను తెచ్చారు. 27 హోమ్ రన్లు కొట్టిన పెడ్రో ఆల్వరెజ్‌ను వదిలేశారు. తర్వాతి ఏడాది హ్యాప్ టొరంటోకు 20 ఆటలు గెలిచి, నాలుగే ఓడాడు. నీస్‌ను ఆగస్టు మొదట్లోనే మళ్ళీ మెట్స్‌కే పంపేశారు. పైరేట్స్ 78-83. మూడేళ్ళు కష్టపడి కట్టిన జట్టు ఒక్క శీతాకాలంలో విడిపోయింది. హ్యాప్ కాంట్రాక్ట్ ఏడాదికి 1.2 కోట్లు. "చిన్న ఊరు" అన్న కారణం అక్కడ నాకు ఎక్కదు, ఇప్పటికీ.

దీని పక్కన టెక్సస్ రేంజర్స్‌ను పెట్టండి. 2021లో 102 ఆటలు ఓడారు. ఆ శీతాకాలమే కోరీ సీగర్‌కు పదేళ్ళకు 32.5 కోట్లు, మార్కస్ సెమియన్‌కు ఏడేళ్ళకు 17.5 కోట్లు ఇచ్చారు. 2022లో మళ్ళీ 94 ఓడారు. చాలామంది ఓనర్లు అక్కడ వెనక్కి తగ్గేవారు. వాళ్ళు పిచర్ల మీద ఇంకా డబ్బు పెట్టారు, 2023 జూలైలో మరో ఇద్దరిని తెచ్చారు, ఆ ఏడాదే వరల్డ్ సిరీస్‌కు (కప్పు ఫైనల్‌కు) వెళ్ళి గెలిచారు. రేంజర్స్‌ది పెద్ద ఊరు అంటారా? కాన్సస్ సిటీ చూడండి. 2023లో 106 ఓటములు. 2024 ఫిబ్రవరిలో బాబీ విట్ జూనియర్‌కు 11 ఏళ్ళకు 28.8 కోట్లకు పైగా రాసిచ్చి, అంతకుముందే సెత్ లూగో, మైకేల్ వాకాలను తెచ్చి, అదే ఏడాది 86 గెలిచి ప్లేఆఫ్స్ ఆడారు.

ఊరు పెద్దదైతే చాలనుకోవడమూ తప్పే. షికాగో అమెరికాలో మూడో పెద్ద నగరం. అక్కడి వైట్ సాక్స్ 2024లో 121 ఆటలు ఓడిన నాటికి, వాళ్ళ చరిత్రలో అతి పెద్ద కాంట్రాక్ట్ ఆండ్రూ బెనిన్‌టెండీకి ఇచ్చిన 7.5 కోట్లే.

సొంత స్టార్ గడియారం గమనించండి

మేజర్ లీగ్‌లో మొదటి మూడేళ్ళు ఆటగాడికి దాదాపు కనీస జీతమే, 2025లో అది 7.6 లక్షల డాలర్లు. తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్‌తో (జట్టుతో కుదరకపోతే మధ్యవర్తులు జీతం తేల్చే పద్ధతి) పెరుగుతుంది. ఆరేళ్ళు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకైనా వెళ్ళొచ్చు. ఆ ఆరేళ్ళలో ఓనర్‌కు ఆణిముత్యం చౌకగా దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో ఆ ఆటగాడి చుట్టూ ఎలాంటి జట్టు కట్టాడో చూడాలి.

పైరేట్స్ పిచర్ పాల్ స్కీన్స్ 2025లో 1.97 ఈఆర్‌ఏతో సై యంగ్ (మేటి పిచర్‌కు ఇచ్చే అవార్డు) గెలిచాడు. గెలుపోటములు మాత్రం 10-10. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూడండి. తొమ్మిది ఇన్నింగ్స్‌కు రెండు పరుగులు కూడా ఇవ్వని పిచర్ పది ఆటలు ఓడాడంటే వెనక బ్యాటింగ్ ఏ మాత్రం ఉందో వేరే చెప్పాలా? నేను లెక్కలు చూసే మనిషిని కాబట్టి చెబుతున్నాను, ఓనర్ గురించి ఇంతకంటే సూటిగా మాట్లాడే అంకెలు దొరకడం కష్టం. స్కీన్స్ 2029 సీజన్ తర్వాత ఫ్రీ ఏజెంట్ అవుతాడు.

స్టార్‌ను అమ్మేసిన ప్రతి ఓనరూ దోషి అనను. అమ్మినప్పుడు ఏం వచ్చింది, ఎందుకు అమ్మారు అన్నది అడగాలి. రెడ్ సాక్స్ ఇప్పటి యజమానులు 2002లో వచ్చి నాలుగు టైటిళ్ళు తెచ్చారు, వాళ్ళకు గెలవాలని లేదని ఎవరూ అనలేరు. అలాంటివాళ్ళే 2020 ఫిబ్రవరిలో మూకీ బెట్స్‌ను డాడ్జర్స్‌కు ఇచ్చేశారు. లగ్జరీ టాక్స్ గీత కిందికి దిగడం అందులో ఒక లెక్క. అదే ఏడాది డాడ్జర్స్ అతనికి 12 ఏళ్ళకు 36.5 కోట్లు ఇచ్చి 2020, 2024, 2025లలో కప్పు ఎత్తారు. అంటే ఒకే ఓనర్ మీద మన అభిప్రాయం పదేళ్ళకోసారి తిరగరాసుకోవాల్సి రావచ్చు.

ఖర్చు చేసి ఓడితే?

మెట్స్ ఓనర్ స్టీవ్ కోహెన్ 2023లో అప్పటిదాకా ఎవరూ పెట్టనంత పేరోల్ పెడితే టీమ్ 75-87. "చూశావా, డబ్బుతో పని కాదు" అని అందరూ అన్నారు. జూలై చివర్లో, ఆగస్టు మొదటి రోజున ఆయన పేరున్న పిచర్లు షెర్జర్‌ను, వర్లాండర్‌ను వేరే జట్లకు పంపించేటప్పుడు వాళ్ళ జీతాల్లో పెద్ద వాటా తానే కడతానని, బదులుగా మంచి కుర్రాళ్ళను తీసుకున్నాడు. ఓడిన ఏడాది కూడా డబ్బును రేపటి జట్టుగా మార్చుకోవడం అంటే అదీ. నేనైతే ఆ ట్రేడ్‌లను ఆయన పట్టుదలకే సాక్ష్యంగా లెక్కేస్తాను.

మిల్వాకీ ఇంకో వైపు. పేరోల్‌లో పెద్దవాళ్ళ దరిదాపుల్లో లేదు, 2025లో 97 గెలుపులతో లీగ్ మొత్తంలో మొదటి స్థానం. స్కౌట్లు, కోచ్‌లు, పిచర్లను తీర్చిదిద్దే ల్యాబ్‌లు పేరోల్‌లో కనిపించవు. మీ టీమ్ తక్కువ ఖర్చు పెడుతుంటే, కింది స్థాయి జట్ల నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఇక్కడ మెరుగవుతున్నారా, వేరే టీమ్‌కు వెళ్ళాకే మెరుగవుతున్నారా అని చూడండి. రెండోది తరచూ జరుగుతుంటే అది జీతాల సమస్య ఒక్కటే కాదు.

మనం ఏం చేయగలం

2023 జూన్ 13న ఓక్‌లండ్‌లో అక్కడి జట్టు ఏస్ అభిమానులు స్టేడియం ఖాళీ చేయడానికి బదులు నింపారు. 27,759 మంది, ఓనర్‌ను టీమ్ అమ్మేయమంటూ "సెల్" అని రాసిన ఆకుపచ్చ చొక్కాలు, ఆటంతా అదే కేక. ఏస్ ఆ రాత్రి రేస్‌ను 2-1తో ఓడించింది. టీమ్ మాత్రం 2024 తర్వాత ఊరు వదిలి వెళ్ళింది. ఫలితం దక్కలేదు కానీ, "అభిమానులు రావడం లేదు, అందుకే డబ్బు లేదు" అన్న మాటకు అంతకంటే గట్టి జవాబు నాకు కనిపించలేదు. పార్కుకు వెళ్ళడం మానేయాలా వద్దా అన్నది ఎవరి మనసుకు వారు తేల్చుకోవాలి. నేను వెళ్తాను, నాకు ఆట కావాలి. మానేసినవాళ్ళను "నువ్వు నిజమైన ఫ్యాన్ కాదు" అని మాత్రం ఎప్పుడూ అనకండి.

ఆటగాళ్ళ యూనియన్‌తో లీగ్ ఇప్పటి ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది కాబట్టి జీతాలకు పరిమితి పెట్టాలన్న మాట మీ దగ్గరా వినిపిస్తుంది. మా ఊళ్ళో ఫుట్‌బాల్, హాకీ జట్లను చూపించి "స్టీలర్స్‌కు, పెంగ్విన్స్‌కు క్యాప్ (జీతాల పై పరిమితి) ఉంది, బాగానే ఉన్నారుగా" అంటారు. ఆ రెండు లీగుల్లోనూ ఇంతకంటే తక్కువ ఖర్చు పెట్టకూడదన్న కింది గీత కూడా ఉందని గుర్తుచేయండి. పై గీత ఒక్కటే అడిగే ఓనర్‌ను కింది గీత సంగతేంటని అడగాలి.

ఇక వాదనకు మీ దగ్గర ఉండాల్సిన కాగితం. జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో వచ్చే ట్రేడ్ గడువు (జట్లు ఆటగాళ్ళను మార్చుకోవడానికి ఆఖరి రోజు) నాడు మీ టీమ్ ప్లేఆఫ్స్‌కు ఎన్ని ఆటల దూరంలో ఉందో, ఎవరిని తెచ్చిందో రాసుకోండి. డిసెంబర్‌లో వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు, వాళ్ళ స్థానంలో వచ్చినవాళ్ళ పేర్లు ఎదురెదురుగా రాయండి. ఫిబ్రవరిలో సొంత కుర్రాళ్ళలో ఎవరికి కాంట్రాక్ట్ పొడిగింపు ఇచ్చారో, ఎవరికి ఇంకా ఎన్నేళ్ళు మిగిలాయో చేర్చండి. మూడు నాలుగేళ్ళ కాగితాలు పోగయ్యాక టేబుల్ మీద పరిచి, అప్పుడు మొదలుపెట్టండి.